గోడ మీద అక్క, చేతిలో సమ్మెట

సూరత్‌లోని మా గోడాదరా పేటలో ఖాళీ గోడ అనేది లేదు. కట్టిన సిమెంటు ఆరకముందే దాని మీద మొలల మందు ప్రకటన పడుతుంది, దాని మీద కిరాయికి గదుల ప్రకటన, ఆ పైన మావా పొగాకు నమిలే మహానుభావుల ఎర్రటి సంతకాలు. అట్లాంటిది మా గల్లీ మొదట్లో మూతపడ్డ మగ్గాల షెడ్డు గోడను ఒక పొద్దున పైపు పెట్టి కడుగుతుంటే గల్లీ మొత్తం గుండెలు పట్టుకుని నిలబడ్డది. జాతరలో మేకకు స్నానం ఎందుకు చేయిస్తారో మాకు తెలుసు. గోడకు కూడా అందుకేనేమో అనుకున్నాం.

తెల్ల రంగు పడ్డాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఊళ్లోని పాత వృత్తుల బొమ్మలు గోడల మీద వేయిస్తున్నారట. వజ్రాలకు ఒక గోడ, జరీకి ఒక గోడ, మగ్గాలకు ఒక గోడ ముందే అయిపోయాయి. మా గోడకు కమ్మరం వచ్చింది. రావడంలో తప్పు లేదు. మా గల్లీని సూరత్ అంతా, నన్నడిగితే గుజరాత్ అంతా, లుహార్ గల్లీ, అంటే కమ్మరోళ్ల గల్లీ అనే పిలుస్తుంది. మగ్గాలు నడిచే చోట ఇనుము విరుగుతుంది, విరిగే చోటికి కమ్మరి వస్తాడు. సౌరాష్ట్ర లుహార్లు, ఎడ్లబండ్ల మీద దిగిన మార్వాడీ లుహార్లు, సాలోళ్ల వెంట రైలెక్కి వచ్చిన మా తెలంగాణ కమ్మరోళ్లు, అందరి కొలుములూ ఒకే వరుసలో మండేవి. ఆ సెగకు చలికాలంలో కూడా మాకు దుప్పటి అవసరం ఉండేది కాదు. ఇప్పుడు ఒక్క కొలిమి మిగిలింది. అది నా మగ్గాల సామాన్ల దుకాణానికి సరిగ్గా ఎదురుగా, మా బావది.

బావ అన్నానని చుట్టం అనుకోవద్దు. నేను సాలోళ్ల వాణ్ని, ఆయన కమ్మరి. కానీ ఆయన భార్య పుట్టింది మా ఊళ్లో. ఊరి ఆడబిడ్డ కాబట్టి ఆమె నాకు అక్క. అక్కను చేసుకున్న పాపానికి ఆయన బావ. ఈ వరుస పెట్టుకునే ఇన్నేండ్లుగా వాళ్లింట్లో చాయ తాగుతున్నాను. తాగిన చాయ అంతా ఒకచోట పోస్తే తాపీ నదికి వరద వస్తుంది.

బొమ్మ వేయడానికి వడోదరాలో చదువుకున్న ఒక గుజరాతీ పిల్ల వచ్చింది. గోడ కన్నా ఆ పిల్ల ప్యాంటు మీదే రంగులెక్కువ. బావ కొలిమి ముందు నిలబడి కెమెరా తీసి అడిగింది.

"కాకా, హథోడా ఉఠాకే ఐసే ఖడే రహో."

బావ నా వైపు చూశాడు. "ఏమంటది బామ్మర్ది?"

"సమ్మెట లేపి నిలవడుమంటది."

"దేని మీద కొట్టాలె?"

"కొట్టుడు లేదు బావా. ఉత్తగ లేపుడే. ఫోటోకు."

బావ మొహం చూడాలి. గుళ్లో చెప్పులతో నడవమన్నట్టు పెట్టాడు. లేపిన సమ్మెట ఉత్తగ దించకూడదు. దాగలి దిమ్మె మీద కాలిన ఇనుము ఉంటేనే సమ్మెట లేవాలి, లేచిందంటే పడాలి. ఖాళీ దాగలి మీద దెబ్బ పడితే ఇంటికి మంచిది కాదు. ఇది వాళ్ల తాతల నాటి కట్టు. పైగా రెండో చిక్కు.

"సమ్మెట నాది కాదు. మీ అక్కది," అన్నాడు.

అదీ నిజమే. వాళ్లలో మొగుడు కూర్చుని పట్టకారుతో ఇనుమును పడతాడు. ఎడమ చేత పట్టకారు, కుడి చేత చిన్న సుత్తె. ఆ సుత్తెతో ఇక్కడ కొట్టు అని ఒక టింగు మోగిస్తాడు. ఎదురుగా నిలబడ్డ భార్య సరిగ్గా అక్కడే సమ్మెటతో ఒక ధన్ మోగిస్తుంది. టింగు, ధన్. టింగు, ధన్. నా పెండ్లి బాజా మర్చిపోయాను గానీ ఈ బాజా మర్చిపోలేదు. రోజూ పొద్దున అది మొదలైతేనే నా చెయ్యి దుకాణం షట్టరు మీద పడుతుంది.

ఆ పిల్ల తెలివైంది. సరే, పని చేసుకోండి, నేను తీసుకుంటాను అన్నది. మెట్రో తవ్వకాల గడ్డపారలు మొన వేయించడానికి వచ్చి ఉన్నాయి. బావ బ్లోయర్ పెట్టాడు, అక్క కొంగు దోపింది. ఆ పిల్ల కింద పడుకుని, నిచ్చెనెక్కి, రేకుల మీద నుంచి వేలాడి ఫోటోలు తీసింది. నేను కూడా అటూ ఇటూ తిరుగుతూ సాధ్యమైనంత వరకు కెమెరాకు అడ్డం పడ్డాను. చరిత్రలో ఉండాలని ఎవరికుండదు? తర్వాత చూపిస్తే ఒక ఫోటోలో ఓ మూలన నా పొట్ట వచ్చింది. దాన్ని వేలితో పక్కకు జరిపేసింది. కొలిమి తిత్తి అనుకున్నదట.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఇంకో పెద్ద పనిలో ఉన్నాను. అక్క కొడుక్కు సంబంధం చూస్తున్నాను. పిల్లగాడు కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్లు చేస్తాడు. వాడు గీసిన పువ్వు చీర మీద పడితే తేనెటీగలు వచ్చి బిల్లు అడుగుతాయి. కానీ సంబంధాలు నిలవడం లేదు. కమ్మరోళ్లే అయినా ఇప్పుడు ఎవరికీ కొలిమి ఇల్లు వద్దు. ఇంటికొచ్చి, మసి చూసి, మళ్లీ చెప్తాం అని పోతారు. పోయినవాళ్లు పోవడమే. కిందటిసారి పిల్లగాడు అన్నం ముందు నుంచి లేచి, "ఇగ వచ్చేదే ఆఖరు. తర్వాత నాకు ఏ సంబంధం చూడొద్దు," అన్నాడట. అక్క ఆ మాట నాకు చెప్పేటప్పుడు దుకాణంలోని బోల్టులు లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆమె కండ్లు చూడలేక.

ఆ ఆఖరు సంబంధం సూరత్‌లోనే ఉన్ అనే పేట నుంచి వచ్చింది. పిల్ల బట్టల మార్కెట్లో ఆన్‌లైన్ చీరల పని చేస్తుంది. తండ్రి పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో సూపర్‌వైజర్. వాళ్లూ కమ్మరోళ్లే, కానీ కొలిమి వదిలి చాలా కాలమైంది. పిల్ల తల్లి ఫోన్లో ఒకటే మాట చెప్పింది. "అన్నా, కట్నం గిట్నం మాట తర్వాత. కొలిమి ఉన్న ఇంట్ల మాత్రం నా బిడ్డను ఇయ్య."

అప్పుడు నేను నోరు తెరిచాను. తెరిస్తే నాకు మూసుకోవడం రాదు.

"కొలిమి ఎక్కడిది చెల్లె? ఇంజినీరింగ్ వర్క్స్ వాళ్లది. అన్నీ మిషిన్లే. బటన్ ఒత్తుతే ఇనుము దానంతటదే వంగుతది. మా అక్కనైతే అసలు చూడాలె. చెంబు లేపితే చెయ్యి నొస్తదంటది. పొద్దంత ఊయల మీద కూసుంటది, గుజరాతీ సేఠానీ లెక్క."

చెప్పి, ఫ్లెక్స్ బోర్డు కూడా కొట్టించాను. ఇంజినీరింగ్ వర్క్స్ అని. పక్కన ఒక పళ్ల చక్రం బొమ్మ. కొలిమికి అడ్డంగా పువ్వుల ప్లాస్టిక్ తెర కట్టాను. బావ అదంతా చూసి, "మంచిగుంది బామ్మర్ది, మరి నేనెక్కడ కూసోవాలె?" అన్నాడు.

ఇక గోడ సంగతి. ముందు కాళ్లు వచ్చాయి. తర్వాత చీర కుచ్చిళ్లు. నేను దుకాణం గల్లా దగ్గర నిలబడలేక, కూర్చోలేక, రోజుకు ఎన్నిసార్లో వెళ్లి చూసి వచ్చేవాణ్ని. నడుము వచ్చింది. దోపిన కొంగు వచ్చింది. ఒకరోజు సాయంత్రం తల వచ్చింది. అక్కే. రెండంతస్తుల అక్క. పైకెత్తిన సమ్మెట షెడ్డు రేకులను దాటి ఆకాశంలోకి పోయింది. గద్దలు దాన్ని చూసి దారి మార్చుకుంటున్నాయి. కింద మూలన, ఆమె మోకాలి పక్కన, పట్టకారు పట్టుకుని ఒక చిన్న మనిషి కూర్చుని ఉన్నాడు. అది బావ. పైన గుజరాతీలో పెద్ద అక్షరాలతో లుహార్ల వారసత్వం అని రాశారు.

ఉన్ నుంచి వచ్చే ప్రతి ఆటో ఆ గోడ ముందే ఆగుతుంది. ఆదివారం వాళ్లు ఇల్లు చూడడానికి వస్తున్నారు.

నిచ్చెన కింద నిలబడి ఆ పిల్లను బతిమాలాను. "బేటీ, ఏక్ ఛోటీ సీ మూఛ్ లగా దో." ఒక్క మీసం చాలు, ఎవరో మగవాడు అనుకుంటారు.

ఆమె బ్రష్షు ఆపి నన్ను చూసింది. "అంకల్, సాడీ మే మూఛ్?"

చీర తీసేసి ప్యాంటు వెయ్యమన్నాను. నిచ్చెన మీద నుంచి నా బట్టతల మీద ఒక ఎర్రచుక్క పడింది. పొరపాటున పడిందో, జవాబుగా పడిందో అడగలేదు.

అక్క దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ కూర్చోకుండా వెళ్లని మనిషి, ఆ రోజు గడప దగ్గరే నిలబడి చీర అంచు మెలిపెడుతూ అన్నది. "తమ్మీ, జర ఏదన్న చెయ్యి. ఇది గిన పోతే పోరడు ఒంటిగనే ఉండిపోతడు. నేను ఆ బొమ్మల పొల్లకెందుకు ఒప్పుకున్ననో. మంచిగ అడిగింది, కాదనలేకపోతి."

"నువ్వు ఫికర్ చెయ్యకు అక్కా. ఆ గోడ వాళ్లకు కనవడకుండ తెస్త. ఎట్ల తెస్తనో చూడు," అన్నాను. చెప్పేటప్పటికి నాకు కూడా తెలియదు ఎట్ల తెస్తానో.

ఆదివారం నాడు ఒక స్టాపు ముందే వాళ్లను దింపుకున్నాను. తల్లి, తండ్రి, వెనుక పిల్ల. ఇల్లు చూసేటప్పుడు పిల్ల రావడం మన పద్ధతి కాదు. కానీ ఆ పిల్ల సూరత్‌లో పుట్టి పెరిగింది. పద్ధతి అని ఎవరో చెప్పబోతే "క్యూఁ?" అని అడుగుతుంది, అక్కడితో పద్ధతి ఆగిపోతుంది.

"గిటు దగ్గరి తొవ్వ," అని నేను వాళ్లను ఖాడీ కాలువ గట్టు మీదికి తిప్పాను. ఆ దగ్గరి తోవ మీద పోతే బొంబాయి కూడా చేరుకోవచ్చు. ఖాడీ నీళ్లు ఆ రోజు వంకాయ రంగులో ఉన్నాయి. సూపర్‌వైజర్ గారు ఆగి, తన మిల్లు రంగు కాదని తల ఊపి, దగ్గి, నడిచారు. దారి పొడుగునా ఆయన చేసిన సంభాషణ అంతే. గేదెల పాక దాటాం, బండరాళ్లు దాటాం, ఒక పెండ్లి వంటల గిన్నెల మధ్య నుంచి దాటాం. నేను ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాను. ఆగితే ఎవరైనా ఏదైనా అడుగుతారని భయం.

పిల్ల ఆగింది.

"అంకల్, మనం ఉల్టా ఎందుకు పోతున్నం? లుహార్ గల్లీ అటు గదా. ఆ ఆంటీ గోడ ఉన్న కాడ."

"ఏ ఆంటీ? ఏ గోడ?"

"ఆప్ కో నహీ మాలూమ్? మార్కెట్ పోరిలందరు పోయి ఫోటోలు దిగుతుండ్రు. నేను మొన్న దిగిన." ఫోను తీసి తల్లికి చూపించింది. ఫోనులో ఆ పిల్ల పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నది. తల మీద మా అక్క మోచెయ్యి, గొడుగు పట్టినట్టు.

తల్లి ఫోను చేతికి తీసుకుంది. బొమ్మను వేళ్లతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఫోను బిడ్డకు ఇచ్చేసి, వెనక్కి తిరిగి రోడ్డు వైపు నడిచింది. మేం ముగ్గురం ఆమె వెనక. నడవడం కాదు, పరుగే.

గోడ ముందు ఆమె చాలాసేపు నిలబడింది. అటూ ఇటూ జనం వస్తున్నారు, పోతున్నారు, ఒక బండివాడు హారన్ కొట్టి తిట్టి పోయాడు. నేను ఆ గోడ గురించి అప్పటికప్పుడు పుట్టిన కథలు ఓ పది చెప్పాను. ఇది రాజస్థాన్ రాణి అన్నాను. ఒక దేవత అన్నాను. ఆమె విన్నదో లేదో.

ఇంటి గుమ్మంలో అక్క నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. పట్టుచీర, తలలో కనకాంబరాలు, మొహానికి ఇంత పౌడరు. వచ్చినామె, పిల్ల తల్లి, నీళ్లు తీసుకోలేదు. మొహం చూసింది.

"గోడ మీద నువ్వేనా వదినె?"

నేను మధ్యలో దూకాను. "కాదు చెల్లె, అదంత కళాకారుల ఊహ. వాళ్లు ఎట్ల పడితే అట్ల..."

"నేనే," అన్నది అక్క. "పెండ్లయిన కాన్నుంచి నేనే. ఆ తెర అవుతల కొలిమి ఉంది. తమ్ముడు మాకోసమని జర ఎక్కువ చెప్పిండు. తమ్మున్ని ఏమనకుండ్రి."

జర అన్నది. ఆ ఒక్క మాటకు నేను అక్క కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవచ్చు. కానీ అప్పుడు నాకు చల్లుకునే ఓపిక లేదు. గుమ్మంలో నుంచి గల్లీలోకి, గల్లీలో నుంచి గుమ్మంలోకి తిరుగుతున్నాను. పిల్లగాడు మేడ మీద గదిలో తలుపేసుకుని ఉన్నాడు. వాడి పాదాల చప్పుడు పైకప్పు మీద అటూ ఇటూ పోతున్నది. ఇద్దరం ఒకరి కింద ఒకరం తిరుగుతున్నాం.

వచ్చినామె వెళ్లిపోలేదు. పువ్వుల తెరను పక్కకు లాగింది. చల్లారిన కొలిమిని, దాగలిని, గోడకు ఆనించిన సమ్మెటను చూసింది.

"అంటువెట్టు అన్నా," అన్నది బావతో.

"ఆదివారం గదా చెల్లె. ఆర్పినం."

"అంటువెట్టు. ఒక్క ఇనుము కొట్టుండ్రి. నేను ఇనాలె."

చూడాలి అనలేదు. వినాలి అన్నది. సూపర్‌వైజర్ గారు దగ్గబోయి మానుకున్నారు. బావ బొగ్గులు ఎగదోసి బ్లోయర్ పెట్టాడు. గడ్డపార ఎర్రబడింది. అక్క పట్టుచీర కొంగును దోపి సమ్మెట తీసుకుంది. వచ్చినామె కండ్లు మూసుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

టింగు, ధన్. టింగు, ధన్.

నాకు అది రోజూ వినే బాజా. కానీ ఆమె మొహం చూస్తుంటే నాకూ కొత్తగా వినబడడం మొదలైంది. ఇనుము ఇంకా ఎర్రగానే ఉంది. ఇంకో నాలుగు దెబ్బలు వేయొచ్చు. బావ చిన్న సుత్తెను దాగలి మీద పక్కకు పండబెట్టాడు. అంటే ఆపమని. అక్క సమ్మెట ఆగింది. బావ గడ్డపారను మళ్లీ నిప్పుల్లో పెట్టాడు. మళ్లీ తీశాడు. మళ్లీ కాసేపటికే పండబెట్టాడు.

వచ్చినామె కండ్లు తెరిచి, ఇంకా ఎర్రగానే ఉన్న ఇనుమును చూసింది. "ఇనుము నల్లవడకముందే ఎందుకు ఆపుతున్నవు అన్నా? బొగ్గు దండుగ గదా."

"ఆమెకు దమ్ము వస్తది చెల్లె. నోటితోని ఊపిరి తీసుడు మొదలువెట్టిందంటే ఆపుత. బొగ్గుదేముంది, మల్ల కొంటం."

అక్క మొగుడి వైపు ఆశ్చర్యంగా చూసింది. ఇన్నేండ్లూ ఇనుము సంగతి చూసి ఆపుతున్నాడనే ఆమె కూడా అనుకున్నదట. నేనూ అంతే. పట్టకారు పట్టినోనికి ఇనుము తప్ప ఇంకేం కనబడుతుందని.

అప్పుడు వచ్చినామె చెప్పులు విడిచింది. కొంగు నడుముకు దోపింది. అక్క చేతిలోంచి సమ్మెట తీసుకుంది.

"ఏమే, ఏం జేస్తున్నవు?" అన్నారు సూపర్‌వైజర్ గారు. ఆ రోజు ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట.

"మమ్మీ!" అన్నది పిల్ల, ఫోను పైకెత్తుతూ.

"ఫోను లోపలవెట్టు," అన్నది తల్లి.

బావ టింగు మోగించాడు. ఆమె ధన్ మోగించింది. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండోది సరిగ్గా పడింది. మూడోది, నాలుగోది గట్టిగా, ఇంకా గట్టిగా, ఎవరి మీదో పడుతున్నట్టు పడ్డాయి. నిప్పురవ్వలు నా లుంగీ దాకా వచ్చాయి. ఆమె నోరు తెరుచుకుంది. బావ సుత్తెను పక్కకు పండబెట్టాడు.

ఆమె సమ్మెట లేపి ఉన్నది. గడ్డపార ఎర్రగా ఉన్నది. ఆ సమ్మెట పడాలి, కట్టు అది. బావ గడ్డపారను దాగలి మీద నుంచి తీయలేదు. ఆమె మెల్లగా, ఇనుముకు ఒక చిన్న దెబ్బ తాకించి, సమ్మెటను కిందికి దించింది.

"మా అమ్మకు ఎవ్వలు గిట్ల సుత్తె పండవెట్టలే," అన్నది. "మా నాయన ఇనుము నల్లవడేదాంక కొట్టిపిచ్చేటోడు. ఆపుతె తిట్టేటోడు. ప్రతి దెబ్బకొక తిట్టు. గా చప్పుడు నా చెవులల్లకెల్లి ఇంక పోలే. అందుకే కొలిమి ఇల్లు వద్దంటి."

బావ బ్లోయర్ ఆపాడు. నేను నోరు ఆపాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఉండడం అదే మొదటిసారి. దవడలు నొప్పి పెట్టాయి.

అక్క ఆమెకు నీళ్లిచ్చింది. ఈసారి తీసుకుని, సగం తాగి, మిగతాది మొహం మీద చల్లుకుంది. కమిలిన అరచేతిని చూసుకుని ఊదుకుంది. ఊదుకుంటూనే నా వైపు చూసింది. ఏదో పెద్ద తిట్టు వస్తుందని రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏం చూస్తున్నవు అన్నా? పిలగాన్ని కిందికి పిలువు. వాడు మనిషి ఎట్లున్నడో చూడాలె."